రోడ్డెక్కిన విమానం

విమానాన్ని కారు వెనక కట్టి లాక్కెళతారంటే మొదట మేమూ నవ్వాం. అమెరికాలోని ఐడహోలో 1984లో పుట్టిన కిట్‌ఫాక్స్ అలాంటిదే. కొన్నవాళ్ళే విడిభాగాలు కూర్చుకుంటారు, రెక్కలు వెనక్కి మడిచి ట్రెయిలర్‌పై ఇంటికి తెచ్చుకుంటారు.

చిక్కంతా గాలితోనే. గంటకు 70 కిలోమీటర్ల లోపు వేగంలోనే గాలిలో నిలిచే విమానమిది. కారు అంతకన్నా వేగంగా పోతుంది. రెక్కలు చాచి ఉంటే ట్రెయిలర్ మీదే లేవబోతుంది! అందుకే మడిచిన రెక్కలు ఊగకుండా ఆనిక పెట్టి కట్టాలి. తోక చుక్కాని కొట్టుకోకుండా బిగించాలి. గడ్డి లారీకి వేసినట్టు పైనుంచి మోకు లాగితే గుడ్డ తొడుగు కింది సన్నని బద్దలు విరుగుతాయి. చక్రాల ఇరుసులాంటి గట్టి చోట్లే కట్టాలి. కొంతదూరం పోయాక ఆగి, బిగువు మళ్ళీ చూసుకోవాలి.

అసలు ప్రమాదం దించాక ఉంది. రెక్క పిన్ను ఒక్కటి మరిచినా ప్రాణం పోతుంది. బిగించినవారు కాక మరొకరు ప్రతి పిన్నూ తడిమి చూసేదాకా ఇంజను వేయకూడదు.