‘అడ్జస్ట్’ క్రియ: తెలుగు వ్యవహారంలో అర్థాలు, ప్రయోగం (విజయవాడ గవర్నర్‌పేట వ్యవహారం ఆధారంగా)

వ్యాససంగ్రహం

తెలుగు వ్యవహారంలో బాగా నాటుకొన్న ఇంగ్లీషు క్రియల్లో ‘అడ్జస్ట్’ ఒకటి. విజయవాడ గవర్నర్‌పేట పరిసరాల నిత్యవ్యవహారంలో ఈ క్రియ ఏయే అర్థాల్లో, ఏయే వ్యాకరణరూపాల్లో వినిపిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. దీని రూపం ఇంగ్లీషుదైనా, వాడుకలో దీని అర్థపరిధిని ప్రధానంగా నిర్ణయించింది ‘సర్దు’ అనే తెలుగు ధాతువేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘సర్దు’కున్న అర్థాలన్నీ దీనికి రాలేదు. కొరత ఉన్నచోట ఎదుటివారిని అడిగే అర్థాలు మాత్రమే వచ్చాయి.

కీలకపదాలు: ఆదానపదం, శబ్దపల్లవం, అర్థసంకోచం, సర్దు, నిఘంటు నిర్మాణం.

1. ఉపోద్ఘాతం

భాషలో ఎరువు మాటలను గురించిన చర్చ సాధారణంగా నామవాచకాల చుట్టూ తిరుగుతుంది. రైలు, బస్సు, ఫోను వంటివి వస్తువులతో పాటు వచ్చిన పేర్లు కనుక వాటి రాకకు కారణం స్పష్టం. క్రియల విషయం అలా కాదు. సర్దుకోవడం తెలుగువారికి ఇంగ్లీషువారు నేర్పిన పని కాదు. మాట అప్పటికే ఉండగా మరో మాట ఎందుకు వచ్చింది, వచ్చి ఏ పని చేస్తున్నది అన్నవే పరిశీలించదగిన ప్రశ్నలు.

ఈ పరిశీలనకు గవర్నర్‌పేట అనువైన స్థలం. ఒకవైపు ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు, మరోవైపు బీసెంట్ రోడ్డు వస్త్రాల అంగళ్లు, నడుమ ఆటోలూ ఆఫీసులూ ఉన్న ఈ ప్రాంతంలో పల్లెవాసులూ పట్టణవాసులూ కలిసి వ్యవహరిస్తారు. పైగా భాషాశాస్త్రజ్ఞులు చెప్పిన మాండలిక విభజనలో కృష్ణాజిల్లా మధ్యమండలానికి చెందుతుంది. ఆధునిక ప్రమాణభాషకు ఈ మండలపు శిష్టవ్యవహారమే ప్రధానమైన ఆధారం కనుక, ఇక్కడ స్థిరపడిన ప్రయోగం పత్రికలకూ సినిమాకూ సులువుగా చేరుతుంది.

2. ఇంగ్లీషులో ఈ క్రియ

ఇంగ్లీషులోకి ఈ క్రియ ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనుక ‘దగ్గర’ అనే అర్థమిచ్చే లాటిన్ పదం ఉంది. ‘దగ్గరకు చేర్చు’ అన్నది మూలార్థం. నేటి ఇంగ్లీషులో దీనికి మూడు ప్రధానార్థాలున్నాయి. ఒకటి, వస్తువునో కొలతనో కొద్దిగా మార్చి తగిన స్థితికి తేవడం. రెండు, లెక్కనో నష్టపరిహారాన్నో సరిచూసి తేల్చడం. మూడు, కొత్త పరిస్థితికి అలవాటుపడడం. డబ్బు చేబదులివ్వడం, కూర్చోవడానికి చోటివ్వడం, ఇష్టం లేనిదాన్ని ఓర్చుకోవడం బ్రిటిష్ ఇంగ్లీషులో ఈ క్రియకు ఉన్న సాధారణార్థాలు కావు.

3. తెలుగు వ్యాకరణంలో ఇమిడిన తీరు

అన్యభాషాక్రియలను తెలుగు రెండు విధాలుగా స్వీకరించింది. సంస్కృత ధాతువులకు ‘ఇంచుక్’ చేర్చి వర్ణించు, ప్రేమించు వంటి క్రియలను నిష్పన్నం చేసుకొన్నది. హిందూస్తానీ నుంచి వచ్చిన దబాయించు, ఫిరాయించు వంటివి కూడా ఈ మార్గంలోనే నడిచాయి. రెండవది శబ్దపల్లవ మార్గం. రద్దు చేయు - రద్దగు, వసూలు చేయు - వసూలగు, జమ చేయు - జమ అగు వంటి అరబీ, పారశీ మూలపదాలు పరిపాలన ద్వారా వచ్చి ‘చేయు’, ‘అగు’ క్రియలతో జతకట్టాయి.

ఇంగ్లీషు క్రియలకు తెలుగు ఈ రెండవ మార్గాన్నే ఇచ్చింది. హాస్యానికి తప్ప ‘అడ్జస్టించు’ అని ఎవరూ అనరు. ‘అడ్జస్ట్’ అనేది తెలుగులో నామం వలె నిలిచి, కాలం, పురుష, వచనం, గౌరవం వంటి భారమంతా పక్కనున్న తెలుగు క్రియకు అప్పగిస్తుంది. ఉకారాంతమై ‘అడ్జస్టు’ అయినప్పుడు ‘అడ్జస్టయ్యాడు’ వంటి రూపాల్లో సంధికార్యం కూడా జరుగుతుంది. దీని ముఖ్యరూపాలు నాలుగు: అడ్జస్ట్ చేయు (సకర్మకం), అడ్జస్ట్ చేసుకొను (ఆత్మార్థకం), అడ్జస్ట్ అవు (అకర్మకం), అడ్జస్టయిపోవు (పూర్తిగా లోబడడాన్ని సూచించేది).

సహాయక్రియ మారితే అర్థం మారుతుంది. బెంగుళూరు కన్నడంలో ప్రసిద్ధమైన ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అన్న వాక్యంలో ‘చేయు’ అర్థం గల ‘మాడు’ ఉంది. చోటు అడిగే సందర్భంలో తెలుగువారు ఎక్కువగా ‘అవ్వండి’ అనో ‘చేసుకోండి’ అనో అంటారు. ‘కొంచెం అడ్జస్ట్ చేయండి’ అంటే వినేవారి దృష్టి చోటు మీదకన్నా డబ్బు మీదకో ధర మీదకో పోతుంది.

4. గవర్నర్‌పేట వ్యవహారంలో అర్థాలు

నిత్యవ్యవహారంలో వినిపించే ప్రయోగాలను వాటి విషయాన్ని బట్టి ఇలా వర్గీకరించవచ్చు.

అ) చోటు: “కొంచెం అడ్జస్ట్ అవ్వండి, ఇంకొకరు పడతారు.” షేర్ ఆటోలో ఇది నిత్యవాక్యం. ‘జరగండి’ అన్న మాటకూ దీనికీ భేదం ఉంది. జరగడానికి ఖాళీ ఉండాలి. అడ్జస్ట్ అవడానికి ఖాళీ అక్కరలేదు, మనసుంటే చాలు. ‘జరగండి’ చర్యను కోరుతుంది. ‘అడ్జస్ట్ అవ్వండి’ చర్యతో పాటు ఓర్పునూ కోరుతుంది. ‘దగ్గరకు చేర్చు’ అన్న లాటిన్ మూలార్థం ఆటో సీటులో అనుకోకుండా తిరిగి సార్థకమవుతున్నది.

ఆ) డబ్బు: “ఒకటో తారీఖు దాకా ఓ రెండు వేలు అడ్జస్ట్ చేయి.” ఇది చేబదులు. ‘అప్పు’ అన్న మాటలోని బరువు ఇందులో లేదు.

ఇ) ధర, లెక్క: “రేటు కాస్త అడ్జస్ట్ చేయండి” అంటే తగ్గించమని. “ఈ అడ్వాన్సు అద్దెలో అడ్జస్ట్ చేస్తాం” అంటే మినహాయిస్తామని. రెండవది ఇంగ్లీషు లెక్కల పరిభాషకు దగ్గరగా ఉంది.

ఈ) కాలం, పని: “రేపు నా పీరియడ్ అడ్జస్ట్ చేస్తారా?” తన బదులు మరొకరు పాఠం చెప్పడం, లేదా వేళ మార్చుకోవడం.

ఉ) మనిషి: “హాస్టల్లో అడ్జస్టయ్యాడా?”, “అత్తగారింట్లో అడ్జస్ట్ అవ్వాలి.” మొదటిదానిలో అలవాటుపడడం, రెండవదానిలో ఓర్చుకోవడం ప్రధానార్థాలు.

వీటికి భిన్నమైన ప్రయోగం అదే నగరానికి తూర్పున ఉన్న ఆటోనగర్‌లో వినిపిస్తుంది. అక్కడ మెకానిక్ బ్రేకు అడ్జస్ట్ చేస్తాడు, చైను అడ్జస్ట్ చేస్తాడు. ఇది ఇంగ్లీషు మొదటి అర్థమే, మార్పు లేకుండా నిలిచింది. యంత్రంతో పాటు వచ్చిన మాట యంత్రం అర్థంలోనే ఉండిపోగా, మనుషుల మధ్య తిరిగిన మాట తెలుగు అర్థాలను పొందింది.

5. ‘సర్దు’తో పోలిక

పై అయిదు వర్గాల్లో లెక్కకు సంబంధించిన ప్రయోగాన్ని మినహాయిస్తే, దాదాపు ప్రతిచోటా ‘సర్దు’ రూపం అందుబాటులో ఉంది: కొంచెం సర్దుకోండి, రెండు వేలు సర్దు, పని సర్దుబాటు, సర్దుకుపోవాలి. కనుక ఇక్కడ జరిగింది అర్థాన్ని అరువు తెచ్చుకోవడం కాదు. ఉన్న అర్థానికి కొత్త రూపం తొడగడం.

అయితే బదిలీ సంపూర్ణం కాదు. ‘బట్టలు సర్దుకొన్నాను’ అన్నచోట ‘అడ్జస్ట్ చేసుకొన్నాను’ అనలేము. ‘ఇల్లు సర్దింది’, ‘గొంతు సర్దుకొన్నాడు’, ‘ఇద్దరికీ సర్దిచెప్పాడు’ అన్న ప్రయోగాలూ అంతే. వస్తువులను క్రమంలో పెట్టడం, తగవు చల్లార్చడం ‘సర్దు’కే మిగిలాయి. చోటు, డబ్బు, కాలం, స్వేచ్ఛ చాలనప్పుడు ఎదుటివారిని కొంత వదులుకోమనే సందర్భాలే ‘అడ్జస్ట్’కు దక్కాయి. ఇది ‘సర్దు’తో పోల్చినప్పుడు అర్థసంకోచం, ఇంగ్లీషు మూలంతో పోల్చినప్పుడు అర్థవ్యాకోచం.

ఇందుకు కారణం ఊహించదగినదే. అడగడం మొహమాటమైన పని. పరాయిమాట ఆ మొహమాటాన్ని కొంత తగ్గిస్తుంది. ‘డబ్బు ఇవ్వు’ కన్నా ‘సర్దు’, ‘సర్దు’ కన్నా ‘అడ్జస్ట్ చేయి’ మెత్తగా వినిపిస్తాయి.

6. సర్దుకోవలసింది ఎవరు?

మెత్తదనం అన్నివేళలా మేలు చేయదు. ఇంగ్లీషులో అలవాటుపడే అర్థంలో ఈ క్రియ వాడినప్పుడు ‘దేనికి’ అన్నది సాధారణంగా వాక్యంలోనే ఉంటుంది. తెలుగులో ‘కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా’ అన్న వాక్యం ఏ లోటూ లేకుండా పూర్తవుతుంది. దేనికి, ఎంతకాలం, ఎవరి సౌకర్యం కోసం అన్న అంశాలు వాక్యం వెలుపలే ఉండిపోతాయి. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ‘అడ్జస్టయ్యావా?’ అని అడిగినంత సహజంగా అబ్బాయిని అడగరు. క్రియ అకర్మకమైనంత మాత్రాన భారం లేకుండా పోదు, భారం పెట్టినవారు మాత్రం కనిపించకుండా పోతారు.

ఈ మరుగు ఎంత దూరం పోగలదో పొరుగు భాషాప్రాంతం చూపింది. మలయాళ చిత్రపరిశ్రమలో స్త్రీల స్థితిగతులపై జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బహిరంగమైంది. ‘అడ్జస్ట్‌మెంట్’, ‘కాంప్రమైజ్’ అన్న రెండు మాటలు అక్కడి స్త్రీలకు సుపరిచితాలనీ, అవి లైంగికమైన కోరికలకు మారుపేర్లనీ ఆ నివేదిక నమోదు చేసింది.

లిఖితభాషలో ‘సర్దుబాటు’ది కూడా ఇటువంటి స్వభావమే. తిరుగుబాటు, కట్టుబాటు వలె ‘పాటు’ చేరి ఏర్పడిన ఈ నామం పత్రికల్లో ‘సీట్ల సర్దుబాటు’గా, విద్యుత్ బిల్లుల చర్చలో ‘ఇంధన సర్దుబాటు ఛార్జీ’గా కనిపిస్తుంది. రెండవదానిలో చెల్లించేది వినియోగదారుడు. పేరులో ఆ సంగతి లేదు.

7. బోధన, నిఘంటువు

ఇంగ్లీషు వ్యాసంలో విద్యార్థి ఈ క్రియను చేబదులు అర్థంలో వాడితే ఎర్రసిరాతో కొట్టివేయడం సాధారణం. అది తెలుగు ‘సర్దు’ నుంచి వచ్చిన అర్థమని చెప్పగలిగితే, విద్యార్థికి రెండు భాషల సరిహద్దూ తెలుస్తుంది. తెలుగు తరగతిలో ‘అడ్జస్ట్’ ఉన్న వాక్యాన్ని ఇచ్చి ఎవరు, దేనిని, ఎవరి కోసం అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాయించడం కారకబోధనకు చక్కని అభ్యాసం కాగలదు.

వ్యవహారకోశాల్లో దీనికి ప్రత్యేకంగా ఆరోపం ఇవ్వడం అవసరం. ఒక నమూనా:

అడ్జస్ట్ (అడ్జస్టు, అడ్జెస్టు): అన్యదేశ్యం, ఇంగ్లీషు. 1. (చేయు) యంత్రభాగాన్ని తగిన స్థితికి తెచ్చు. 2. (చేయు) ఒక మొత్తాన్ని మరొక మొత్తంలో మినహాయించు, ధర తగ్గించు. 3. (చేయు) తాత్కాలికంగా డబ్బు సమకూర్చు. 4. (చేయు, చేసుకొను) పనిని లేదా వేళను మార్చు. 5. (అవు, చేసుకొను) ఉన్న చోటిలో మరొకరికి వీలు కల్పించు. 6. (అవు) కొత్త పరిస్థితికి అలవాటుపడు. 7. (అవు, అయిపోవు) ఇష్టం లేకున్నా ఓర్చుకొను. చూ. సర్దు.

8. ముగింపు

‘అడ్జస్ట్’ తెలుగు వ్యాకరణానికి లోబడి, ఎక్కువగా తెలుగు అర్థాలతో వ్యవహరిస్తున్న పదం. దీన్ని అన్యదేశ్యమని పక్కన పెడితే ఒక పదం నమోదు కాకపోవడమే కాదు, మొహమాటం, ఇచ్చిపుచ్చుకోవడం, ఒత్తిడి అనే మూడు సామాజిక వ్యవహారాల జాడ కూడా నిఘంటువుకు అందకుండా పోతుంది. ఆటోలో చోటిచ్చినవారి సౌజన్యాన్నీ, ఇంట్లో నోరుమూసుకొన్నవారి నిస్సహాయతనూ ఈ ఒక్క క్రియే చెబుతున్నది. ఆ రెండింటినీ వేర్వేరు అర్థాలుగా గుర్తించి నమోదు చేయడం నిఘంటుకారుల బాధ్యత.