స్తోత్రానికే చోటున్న రాజ్యం

ప్లేటో తన ఆదర్శరాజ్యం నుంచి కవుల్ని ఎందుకు వెళ్ళగొట్టాడని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. కవిత్వం అనుకరణకు అనుకరణ గనుక అని రాస్తే మార్కులు వస్తాయి. ఆయన చెప్పిన కారణాల్లో అదొకటి. కాని అసలు కారణం ఆయన ఊహించిన పాలకుడిలో ఉందని నా అభిప్రాయం.

క్రీ.పూ. 399లో ఏథెన్స్ ప్రజాన్యాయస్థానం సోక్రటీసుకు మరణశిక్ష విధించింది. గురువును చంపిన ప్రజాస్వామ్యం మీద ప్లేటోకు విశ్వాసం మిగల్లేదు. 'రిపబ్లిక్'లో అధికారాన్ని తత్త్వవేత్తల చేతికిచ్చాడు. వాళ్ళకు సొంత ఆస్తి లేదు, సొంత కుటుంబం లేదు. 50 ఏళ్ళు వచ్చాకే పాలన. స్త్రీలూ పాలించవచ్చునన్నాడు. బానిస సమాజంలో ఇవి సాహసమైన ఊహలే.

అయితే అంతటి జ్ఞానులకూ ఒక అబద్ధం కావలసి వచ్చింది. పాలకుల్లో బంగారాన్నీ, సైనికుల్లో వెండినీ, రైతుల్లో, చేతివృత్తులవారిలో ఇనుమునూ కంచునూ దేవుడే కలిపాడన్న కథ అది. జనం ఈ కథను నమ్మాలంటే వేరే కథలు చెప్పేవాడు ఊళ్ళో ఉండకూడదు. అందుకే దేవతా స్తోత్రాలనూ, ఉత్తముల ప్రశంసనూ మాత్రం ఉండనిచ్చి, తక్కిన కవిత్వాన్ని పొలిమేర దాటించాడు.

అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో గురువుతో విభేదించాడు. ఇల్లు ఎలా ఉందో కట్టినవాడికన్నా కాపురముండేవాడికీ, వంట ఎలా ఉందో వండినవాడికన్నా తినేవాడికీ బాగా తెలుస్తుందన్నాడు. పాలన కూడా అంతే. అయితే ఆయనా బానిసత్వాన్ని సమర్థించాడు. తన ఉత్తమ రాజ్యంలో చేతిపనివాడికి పౌరసత్వం నిరాకరించాడు. ఆ ఇల్లు కట్టినవాడికీ, ఆ వంట చేసినవాడికీ నోరు లేకుండా పోయింది.

ఆ నోరు లేనివాడి మాటే సాహిత్యం వినిపించాలి. కనుక ఎంత ఉత్తముడైన పాలకుణ్ణి గురించైనా రచయిత ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: ఆ రాజ్యంలో స్తోత్రం కాని కవిత్వానికి చోటుందా?