విద్యార్థి రేడియో - అరువు గొంతు

నా దగ్గర పదో తరగతి దాకా తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో పై చదువులు చదువుతూ, అక్కడి విద్యార్థి రేడియోలో పనిచేస్తున్నది. క్రిందటి దసరా సెలవులకు బోధన్ వచ్చినప్పుడు మాటల్లో ఇలా అన్నది: "రోజుకు ఇన్ని గంటలని ఒప్పుకున్నం సార్. ఉన్నదేమో ఆరుగురం. పరీక్షలొస్తే ఇద్దరమే. గంటలు యాడికెళ్లి తెస్తం? బయట తయారైన కార్యక్రమాలు తెచ్చుకొని ఏస్తం."

ఒకచోట తయారుచేసిన కార్యక్రమాన్ని పది రేడియోలకు పంచే ఈ పద్ధతిని సాంకేతిక విషయంగా మనం వదిలేశాం. కాని రేడియో నాటకమూ, ప్రసంగమూ, రూపకమూ వ్రాసేది మనమే. కనుక యిది మన సమస్యే.

పద్ధతి పాతది. 1936లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ అబ్రహాం, డేవిడ్ బోర్స్ట్ అనే ఇద్దరు విద్యార్థులు హాస్టలు భవనాల మధ్య తీగలు లాగి చిన్న రేడియో నడిపారు. 1940లో అటువంటి కళాశాల రేడియోలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. 1950 ప్రాంతంలో అక్కడి విద్యా రేడియో కేంద్రాలు, ఎక్కువభాగం విశ్వవిద్యాలయాలవే, టేపులు మార్చుకోవటం మొదలుపెట్టాయి. ఒక కేంద్రం తాను వినిపించిన టేపును తపాలాలో తరువాతి కేంద్రానికి పంపేది, అది మరొకదానికి. దానికి 'బైసికిల్ నెట్‌వర్క్' అని పేరు వచ్చింది. ముచ్చటైన పేరు! తరువాత ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఒకేచోట ప్రతులు తీసి అందరికీ పంపే ఏర్పాటు జరిగింది. ఇచ్చిపుచ్చుకోవటం కాస్తా పంపిణీ అయింది.

మన దేశంలో ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. విద్యాసంస్థలు రేడియో పెట్టుకోవటానికి 2002 డిసెంబరులో అనుమతి వచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నై అన్నా విశ్వవిద్యాలయం మొదటి రేడియో ప్రారంభించింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచారు. ఆనాటి నియమావళిలో రచయితలు గమనించదగ్గ మాటలు రెండున్నాయి. కనీసం సగం కార్యక్రమాలు స్థానిక ప్రజల భాగస్వామ్యంతో తయారుకావాలి. భాష స్థానిక భాషో, మాండలికమో అయితే మంచిది. మాండలికానికి ప్రభుత్వ పత్రంలో యింత చోటు దొరకటం మన తరం చూసిన వింతల్లో ఒకటి. అయితే సొంత వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను మాత్రం వున్నవి వున్నట్టు తిరిగి వినిపించటానికి తరువాత అనుమతి వచ్చింది.

ఇక మిగిలిన సగం. పంపిణీ కార్యక్రమాలు ప్రవేశించేది ఈ సందులోనుంచే. అందులో తప్పేమీ లేదు. సైన్సు, ఆరోగ్యం, చట్టం వంటి విషయాలను ఆరుగురు విద్యార్థులు వారం వారం పరిశోధించి చెప్పలేరు. చిక్కంతా అటువంటి కార్యక్రమం కోరే భాషలో వున్నది.

ఏడాదిపాటు ఎక్కడైనా, ఎప్పుడైనా వేసుకోగలగాలి కనుక దానిలో తేదీ వుండకూడదు. పండుగ వుండకూడదు, వానాకాలమని అనకూడదు. ఊరి పేరు వస్తే మరో ఊరివాళ్లకు పట్టదు. నిడివి సెకన్లతో సహా ముందే బిగించి వుంటుంది. ముసలివాళ్లు మాట్లాడుతూ మధ్యలో ఆగితే ఆ ఆగటాన్ని కోసేస్తారు. నా దృష్టిలో ఆ ఆగటమే సగం కథ.

ఇది ఊహించి చెప్పటం లేదు. రేడియోలకు కార్యక్రమాలు తయారుచేసి పంచే ఒక సంస్థ కోసం కొన్నేళ్ల క్రితం నేను మా చక్కెర ఫ్యాక్టరీ మీద పది నిమిషాల రూపకం వ్రాశాను. 1937లో నిజాం ప్రభుత్వ కాలంలో స్థాపించింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవాళ్లు ఒకే గేటులోంచి లోపలికి పోయిన చోటు. 2015 డిసెంబరులో మూతపడింది. నా రూపకంలో ఒక కార్మికుడు "కార్ఖాన బందువెట్టిన్రు, తన్ఖా బందయింది" అంటాడు. నా ప్రతి తిరిగివచ్చేసరికి ఆ మాట "పరిశ్రమ మూతపడటంతో వేతనాలు నిలిచిపోయాయి" అని మారింది. బోధన్ పోయి 'ఒక పట్టణం' వచ్చింది. 2015 ఎగిరిపోయింది.

ఇక్కడ పోయింది యాస ఒక్కటే అయితే నేను యింత బాధపడేవాణ్ణి కాదు. 'బందువెట్టిన్రు' అన్నప్పుడు పెట్టినవాడు ఒకడుంటాడు. 'మూతపడటంతో' అన్నప్పుడు ఎవడూ వుండడు. తేదీ లేని, ఊరు లేని మూసివేత పిడుగుపాటులాగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోలేదు. రూపకం ప్రసారం కాలేదు.

దీనికి ఎదురుగా మాకు మరీ దూరం కాని ఉదాహరణ ఒకటి వున్నది. జహీరాబాదు దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు యునెస్కో సహాయంతో 1998లోనే రేడియో భవనం, పరికరాలు సమకూరాయి. లైసెన్సు లేదు. ఆ స్త్రీలు ఊరుకోలేదు. క్యాసెట్లలో మాటలు, పాటలు రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకొన్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. అది విద్యార్థి రేడియో కాదు, నిజమే. డిగ్రీలున్న మన పిల్లలు ఆ ఇద్దరి దగ్గర నేర్చుకోవలసింది వున్నదని మాత్రం అంటాను.

అయితే పంచటం మానెయ్యాలా? అవసరం లేదు. ఆకాశవాణి జాతీయ నాటక కార్యక్రమం ఏం చేసిందో చూడండి. ఏదో ఒక భారతీయ భాషలోని నాటకాన్ని ఎంచుకొని, ప్రతిని మాత్రమే అన్ని భాషల కేంద్రాలకూ పంపేవారు. ప్రతి కేంద్రమూ దానిని తన భాషలోకి మార్చి, తన నటులతో ఆడించేది. బెంగాలీ పాత్ర మన ఇంట్లో తెలుగు గొంతుతో ఏడ్చేది. అక్కడ పంచింది ప్రతిని, గొంతును కాదు. భాషల మధ్య చేసిన ఆ పని ఒక భాషలోని మాండలికాల మధ్య ఎందుకు చేయకూడదు? రికార్డింగుకు బదులు వ్రాతప్రతి పంపితే, ఊరి పేరు, తేదీ, కూలి మాట, పంట మాట ఎవరివి వాళ్లు వేసుకోవటానికి వీలుంటుంది. శ్రమ ఎక్కువే. ఆరుగురికి ఆ శ్రమ భారమేనని నాకు తెలుసు.

నా పాత రూపకాన్ని ఆ అమ్మాయి అడిగి తీసుకుపోయింది. ఆమె రేడియోలోనే విజయనగరం వైపునుంచి వచ్చిన ఒక స్నేహితురాలున్నది. వాళ్ల దగ్గర మూతపడినవి జనపనార మిల్లులు. ఇద్దరూ కూర్చుని ప్రతిని రెండుగా వ్రాశారట. విజయనగరం పిల్ల చదువుతూ 'తన్ఖా' దగ్గర ఆగిపోయి, కొంచెంసేపు ఆలోచించి, 'జీతం రాళ్లా' అని దిద్దుకొన్నదట. పది నిమిషాలనుకొన్నది పదమూడు నిమిషాలు వచ్చిందనీ, కోయలేదనీ ఫోనులో చెప్పింది.