అట్టలు ఒకచోట, గ్రాఫు వేరొకచోట



కిందటి దసరాకు ముందు మా బెంగుళూరు సంఘపు వెబ్‌సైటు నాలుగు రోజులు మూతపడినది. చీరల ఫోటోలు, ఆర్డర్ల పట్టిక, ఖాతాదారుల చిరునామాలు అన్నియు అందులోనే ఉన్నవి. నకలు ఉన్నది కదా అని ధైర్యముగా ఉంటిమి. తీరా చూడగా ఆ నకలు కూడ ఆ సర్వరులోనే ఉన్నది! ఫోనులు చేసి ఆర్డర్లు తిరిగి వ్రాసికొనునప్పటికి కొందరు వేరొకచోట కొనుక్కొన్నారు. మగ్గము దిగిన చీరలు బీరువాలో మిగిలినవి. కార్యదర్శిగా ఆ పొరపాటు నాదే. ఇతర సంఘములకు అట్టి నష్టము రాకూడదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వెబ్‌సైటు గాలిలో ఉండదు. రాత్రింబగళ్లు ఆగక నడచు సర్వరు అను కంప్యూటరులో ఉండును. అందులో చోటు అద్దెకు తీసికొనుటయే హోస్టింగు. సర్వర్లుండు కట్టడమును డేటా సెంటరు అందురు. మన ఊరి వైట్‌ఫీల్డు ప్రాంతమున అట్టివి ఉన్నవి. మంచి డేటా సెంటరులో కరెంటు రెండు దారుల వచ్చును. అది పోయిన క్షణమున బ్యాటరీలు, ఆ వెనుక డీజిలు జనరేటర్లు అందుకొనును. అయినను నూటికి 99.9 వంతులు నడచునని కంపెనీవారు హామీ ఇచ్చినచో, సంవత్సరములో సుమారు 8 గంటల 45 నిమిషములు ఆగవచ్చునని అర్థము. ఆ గంటలు పండుగ ముందే రావచ్చును.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బోర్గు నగరమున ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు ఒకటి కాలిపోయినది. లక్షల వెబ్‌సైట్లు ఆగినవి. నకలు వేరొక ఊరిలో ఉంచుకొన్నవారు తేరుకొన్నారు. అక్కడనే ఉంచినవారిలో పలువురు సర్వమును పోగొట్టుకొన్నారు. ఇది మనకు తెలియని నీతి కాదు. జకార్డు అట్టలను ఎలుకలు కొరికినను, గ్రాఫు కాగితము వేరొక ఇంట ఉన్నచో అట్టలు మరల కొట్టించుకొనవచ్చును. రెండును ఒకే పెట్టెలో ఉన్నచో ఆ డిజైను పోయినట్లే.

కాబట్టి సంఘములవారు గమనింపవలసినవి:

1. సమాచారము మూడు ప్రతులుగా, రెండు రకముల సాధనములపై ఉండవలెను. అందొకటి వేరొక ఊరిలో ఉండవలెను.

2. వెబ్‌సైటు పేరు సంఘము పేరిటనే రిజిస్టరు కావలెను. సైటు తయారుచేసిన కుర్రవాని పేరిట ఉండరాదు. గడువు తేదీని మినిట్సు పుస్తకములో వ్రాయవలెను.

3. పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చు రెండవ గుర్తింపు కూడ పెట్టుకొనవలెను. కార్యదర్శి మారినచో పాస్‌వర్డు మార్చవలెను.

4. కొనుగోలుదారు పంపు వివరములను దారిలో ఇతరులు చదువకుండ కాపాడు సర్టిఫికెట్టు ఉండవలెను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ దీనిని ఉచితముగా ఇచ్చుచున్నది.

5. సైటుపై దాడి జరిగినచో దాచరాదు. కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారము, తెలిసిన 6 గంటలలో తెలుపవలెను. డబ్బు పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను.

చివరి మాట ఒకటి. నకలు తీసినంత మాత్రమున చాలదు, తెరచి చూడవలెను. మేము మొదటిసారి తెరచినప్పుడు ఫోటోలు వచ్చినవి గాని ఆర్డర్ల పట్టిక రాలేదు. పండుగకు ముందే తెలిసినది గనుక సరిదిద్దుకొన్నాము. మీ సంఘపు నకలు ఎక్కడ ఉన్నదో, తెరచుకొనుచున్నదో లేదో ఈ నెల సమావేశములోనే విచారింపవలెనని మనవి.