ఆ ఐదు నిమిషాలు!

బడిగంట మోగింది. ప్రార్థన అయిపోయింది. పిల్లలంతా తరగతిలోకి వచ్చి కూర్చున్నారు. మనసులు మాత్రం ఇంకా రాలేదు! వాటినీ లోపలికి పిలవాలంటే... పాఠానికి ముందు ఓ చిన్న ఆటో, పాటో, ప్రశ్నో కావాలి.

నిజామాబాద్ జిల్లా ముప్కాల్. 2016లో బాల్కొండ నుంచి విడిపోయి కొత్త మండలమైంది. చుట్టూ పసుపు, మక్క చేలు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. అమ్మ బీడీలు చుడుతుంటుంది, లేదంటే పొలం పనికి పోతుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడి తలలో పొద్దున్నే ఎన్ని ఆలోచనలో! వాడితో వస్తూనే 'పుస్తకం తీయండి' అంటే చేతులు పేజీలు తిప్పుతాయి... అంతే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. పిల్లల మనసును పాఠం వైపు తిప్పడాన్ని ఉపాధ్యాయ శిక్షణలో 'ఉన్ముఖీకరణ' అంటారు. తెలుగు వాచకాల్లో పాఠానికి ముందు 'చదువండి - ఆలోచించి చెప్పండి' అంటూ ప్రశ్నలు ఇచ్చేదీ అందుకే. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్లలో రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. అందులో మాస్టారు మొదటిరోజు పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. తరగతంతా గోల గోల! తర్వాత కథ అందుకుంటాడు. పిల్లలు దారికొస్తారు.

ప్రాజెక్టు నీళ్లతో లెక్కలు

మరి రోజూ ఏం చేయించాలి? సరంజామా అంతా ఊరి చుట్టుపక్కలే ఉంది. దగ్గర్లోని శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. గేట్లు 42. వానాకాలంలో ఆ రోజు పేపర్లో వచ్చిన నీటిమట్టం బోర్డు మీద రాసి, 'నిండాలంటే ఇంకెన్ని అడుగులు రావాలి?' అని అడిగితే తీసివేత వచ్చేసినట్టే. 'సగం గేట్లు ఎత్తితే ఎన్ని?' అంటే భాగహారం. పసుపు క్వింటా ధర చెప్పి మూడు క్వింటాళ్లకెంతో అడిగితే ఎక్కాలకు పని.

తెలుగు క్లాసులో ఓ పొడుపుకథ, లేదంటే చివరి అక్షరంతో మాటల గొలుసు. సైన్సుకు, బడికొచ్చే దారిలో చూసిన పురుగో మొక్కో.

చూడకుండా చెప్పండి

వీటన్నిటికన్నా తేలికైనది ఇంకోటుంది. పుస్తకం మూసి, నిన్నటి పాఠంలోని మూడు సంగతులు చెప్పించడం. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో కాలేజీ విద్యార్థుల మీద ఓ ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఒకే అంశాన్ని నాలుగుసార్లు చదివినవారికి వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాసినవారికి 61 శాతం! గుర్తుచేసుకోవడమే గుర్తుంచుకునే మార్గమన్నమాట.

వెనక వరస మాటేమిటి?

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఆట పావుగంటకు సాగితే అసలు పాఠానికే ఎసరు. ఆ రోజు పాఠంతో సంబంధం లేకపోతే అది కాలక్షేపమే. అన్నిటికీ మించి, రోజూ చెయ్యెత్తే ఇద్దరితోనే ముగించకూడదు. అందుకు పాత పలకే మంచి సాధనం. జవాబు రాసి అందరూ ఒక్కసారి పైకెత్తితే ఎవరు ఎక్కడ ఆగిపోయారో టీచరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. తప్పు రాసినవాణ్ని చూసి ఎవరూ నవ్వకుండా చూడటం కూడా టీచరు పనే. ఒక్కసారి నవ్వులపాలైతే వాడు మళ్లీ పలక ఎత్తడు.

2022 ఆగస్టులో తెలంగాణ బడుల్లో మొదలైన 'తొలిమెట్టు' ఉద్దేశం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలనే. వెనకబడింది ఎవరో తెలిస్తేనే కదా, చెయ్యి అందించేది!

'సిలబస్ పూర్తికావడమే కష్టం, ఇంకా ఆటలెక్కడ?' అనే టీచర్లూ ఉంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. రోజుకు ఐదు నిమిషాలంటే వెయ్యి నిమిషాలు. పదహారు గంటల పైమాటే. ఏడాదంతా నోరు విప్పని పిల్లవాడు రోజుకో మాట మాట్లాడతాడంటే... ఆ పదహారు గంటలు ఎక్కువేం కాదు!