జంతు పాత్రల నాటకం

జంతు పాత్రల నాటకం అనగా పశుపక్ష్యాదులు మనుషుల వలె మాట్లాడుతూ కథను నడిపించే నాటకం. ఇందులో నిజమైన జంతువులను రంగస్థలం మీదికి తీసుకురారు. నటులే ఆ పాత్రలను ధరిస్తారు. పాఠశాలలు, ఔత్సాహిక నాటక సమాజాలు ఇటువంటి నాటకాలను ప్రదర్శిస్తుంటాయి.

చరిత్ర

గ్రీకు నాటకకర్త అరిస్టోఫేన్స్ రచించిన "పక్షులు" (క్రీ.పూ. 414) ఈ కోవకు చెందిన ప్రాచీన నాటకాలలో ఒకటి. ఆధునిక కాలంలో యూజీన్ అయొనెస్కో 1959లో రచించిన "ఖడ్గమృగం" నాటకంలో ఒక పట్టణవాసులు ఒకరి తరువాత ఒకరు ఖడ్గమృగాలుగా మారిపోతారు.

తెలుగువారికి జంతు పాత్రలు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో హనుమంతుడు, జటాయువు వంటి పాత్రలు, దసరా పండుగలలో పులివేషాలు సుపరిచితములు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక వలన పంచతంత్ర కథలు విద్యార్థులకు చేరువైనవి.

ప్రదర్శన విధానం

ముఖాన్ని పూర్తిగా కప్పే తొడుగు వలన నటుని హావభావాలు కనబడవు, మాట స్పష్టంగా వినబడదు. అందుచేత నోరు, గడ్డం విడిచిపెట్టే సగం తొడుగు లేదా రంగులు అనుకూలంగా ఉంటాయి. వేషం కంటే నడక ముఖ్యం. కొంగ పాత్రధారి ఒంటికాలిపై కదలక నిలబడి, ఒక్కసారిగా మెడ చాచినచో ప్రేక్షకులు పాత్రను గుర్తించగలరు. ఎండ్రకాయ పాత్రధారి పక్కవాటుగా నడవవలెను.

కొల్లేరు నేపథ్యం

ఏలూరులోని వై.ఎం.హెచ్.ఏ. హాలు నాటక ప్రదర్శనలకు పేరొందిన వేదిక. ఈ పట్టణానికి సమీపంలోనే కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉన్నది. పంచతంత్రంలోని కొంగ, ఎండ్రకాయల కథ ఈ ప్రాంత ప్రేక్షకులకు సులభంగా అర్థమవుతుంది. పన్నెండేళ్ళ పాటు వానలు కురవవనీ, చెరువు ఎండిపోతుందనీ చెప్పి, వేరొక మడుగుకు చేర్చుతానని నమ్మించి కొంగ చేపలను తినివేస్తుంది. చివరకు ఎండ్రకాయ దాని మెడ తెంచుతుంది.

కథలో చెరువు ఎండిపోతుందన్న మాట అబద్ధం. కొల్లేరులో మాత్రం సరస్సు కుంచించుకుపోవడం నిజంగా జరిగినది. సరస్సులో సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దీనికి రామ్‌సార్ చిత్తడినేలగా గుర్తింపు లభించినది. సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తొలగించినది. దీనివలన చెరువులపై ఆధారపడిన కుటుంబాల జీవనోపాధి దెబ్బతిన్నది. మరోవైపు, కైకలూరు మండలం ఆటపాక వద్ద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొంటున్నాయి.

అందువలన ఇక్కడ కొంగను కేవలం మోసగానిగా చూపినచో పక్షుల కష్టం మరుగున పడుతుంది. దానిని కేవలం బాధితురాలిగా చూపినచో చేపలపై బ్రతికే మనుషుల కష్టం మరుగున పడుతుంది. రెండు పక్షాలకూ రంగస్థలంపై మాట ఇవ్వగలగడమే జంతు పాత్రల నాటకం యొక్క ప్రత్యేకత.