బడి కళ్ళము కాదు

మాఘమాసము వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో మిరపకళ్ళములు ఎర్రగా పరచుకొనును. అచ్చట స్త్రీలు బారులుగా కూర్చుండి మంచికాయ నుండి తాలుకాయను ఏరివేయుచుందురు. వర్తకమునకు ఆ ఏరివేత అవసరమే. కాని బడియు అదే పని చేసినచో దానిని విద్య యనుట తగదు.

పత్తితీతలు ముగింపునకు వచ్చి మిరపకోతలు సాగు నెలలలోనే బడులలో వార్షిక పరీక్షలు సమీపించును. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతములగు కోసిగి, మంత్రాలయముల నుండి కూలికుటుంబములు పిల్లలతో కూడ ఇచ్చటికి వలసవచ్చుచుండును. స్వగ్రామమున హాజరుపట్టీలో బాలిక పేరుండును. ఇచ్చట ఆమె చేనిగట్టున పసిచెల్లెలికి కాపుండును. తిరిగి వెళ్లి పరీక్ష తప్పినచో ఆమెను మొద్దు అనుట సులభము. ఆమెకు కొరవడినది బుద్ధి కాదు. బడిలో గడపవలసిన దినములు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ సంగతిని గుర్తించినది. వలసకుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థల విధి. బదిలీపత్రము ఆలస్యమైనదని చేరికను ఆపరాదు. చదువు తప్పి, వయస్సుకు తగిన తరగతిలో చేరిన బిడ్డకు ప్రత్యేక శిక్షణ పొందు హక్కు కలదు. 5వ తరగతి వరకు ఏటికి 200, ఆపై 8వ తరగతి వరకు 220 పనిదినములుండవలెను. ఆ దినములను ఏర్పరచు అధికారమును స్థానిక సంస్థకే ఒసగినది. అనగా సేద్యపు పంచాంగమును చూచి బడి పంచాంగమును కూర్చుటకు చట్టమే త్రోవ చూపుచున్నది. తల్లిదండ్రులు వలసపోయినను పిల్లలు ఊరిలోనే నిలిచి చదువుటకై సీజనల్ హాస్టళ్లును నడచినవి.

అయినను చట్టము చేనిగట్టునకు నడచిపోలేదు. నడువవలసినది ఉపాధ్యాయుడు. పిల్ల బడికి రాని మొదటినాడే కారణము విచారింపవలెను. వలస బయలుదేరక మునుపే తల్లిదండ్రులతోను, కూలీలను తీసికొనిపోవు మేస్త్రీతోను మాటాడవలెను. తిరిగివచ్చిన బిడ్డ ఏమి పోగొట్టుకొనెనో గాక, ఏమి నిలుపుకొనెనో చూచి అచ్చట నుండి పాఠమందుకొనవలెను. ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో ఇది భారమే. ఆ భారమును పై అధికారులును పంచుకొనినగాని పని సాగదు.

ఈ సీమకు ఇది క్రొత్త పాఠము కాదు. నాటి సంఘము చదువెందుకని విడిచిపెట్టిన స్త్రీల కొరకే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. విడువబడినవారి యొద్దనే వారు విద్యను ఆరంభించిరి.

మొదటి మార్కు తెచ్చుకొన్న విద్యార్థిని చూచి బడికి వెలకట్టుట లోకపు అలవాటు. కోతల నుండి ఆలస్యముగా తిరిగివచ్చి వెనుకబల్లపై కూర్చున్న బిడ్డ ఆ యేడు తరగతి దాటెనా యని అడుగుటయే సరియైన కొలత. కళ్ళములో తాలు మిగులవచ్చును, బడిలో మిగులరాదు.